పని రోజుల్లో రాత్రి వంట: కూరగాయ పప్పు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో వారంలో మూడు రాత్రులు పప్పే. ఏడు దాటాక ఇల్లు చేరి, ఎనిమిదిన్నరకల్లా అందరూ కంచాల ముందు కూర్చోవాలంటే నాకు తెలిసినంతలో ఇంతకన్నా నమ్మకమైన వంట లేదు. గుప్పెడు పప్పు, బుట్టలో ఉన్న ఏదో ఒక కూరగాయ, నాలుగు పచ్చిమిరపకాయలు, చివర తాలింపు. కొత్తగా పొయ్యి వెలిగించిన మా చుట్టాల పిల్లలు, ఉద్యోగాలకని ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. కొలతలు నలుగురికి సరిపోయేవి. గ్లాసు అంటే మామూలు మంచినీళ్ల గ్లాసు, సుమారు 200 మి.లీ.

ఎప్పుడూ పప్పు వండలేదు. దేనితో మొదలుపెట్టాలి?

బీరకాయ పెసరపప్పుతో. కుక్కర్ అక్కర్లేదు, నానబెట్టే పని లేదు, అరగంటలో అయిపోతుంది. పైగా పొరపాటు చేసినా సరిదిద్దుకోవచ్చు.

ముప్పావు గ్లాసు పెసరపప్పును (సుమారు 130 గ్రాములు) ఉత్త మూకుడులో సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించండి. రంగు మారక్కర్లేదు, కమ్మని వాసన వస్తే చాలు. రెండుసార్లు కడిగి, లోతైన గిన్నెలో రెండున్నర గ్లాసుల నీళ్లు, పావు చెంచా పసుపు వేసి పొయ్యి మీద పెట్టండి. పొంగు వచ్చేటప్పుడు దగ్గరే ఉండాలి. పైన తేలిన నురుగు గరిటెతో తీసేసి, సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టండి.

అది ఉడికేలోగా రెండు బీరకాయల ఈనెలు చెక్కి, ముక్కలు కోయండి. అయిదారు పచ్చిమిరపకాయలు చీల్చండి. పదిహేను నిమిషాల తర్వాత ఒక పప్పు బద్దను వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోవాలి, కానీ గిన్నెలో ఇంకా బద్దగానే కనిపించాలి. ముక్కలు వేయాల్సింది అప్పుడే. బీరకాయలో నీరు ఎక్కువ కాబట్టి మళ్లీ నీళ్లు పోయకండి. ఏడెనిమిది నిమిషాల్లో ముక్క మెత్తబడుతుంది. ఉప్పు వేసి, గరిటె వెనకతో రెండు మూడు సార్లు మెదిపి, తాలింపు పెట్టేయండి. దించాక సగం నిమ్మచెక్క పిండుకుంటే చాలు, చింతపండు వద్దు. బీరకాయకు ఉన్న సన్నని తీపి చింతపండు పులుపులో కనబడకుండా పోతుంది.

కందిపప్పుతో చేయాలంటే?

దానికి కుక్కర్ కావాలి. ముప్పావు గ్లాసు కందిపప్పు కడిగి, రెండుంపావు గ్లాసుల నీళ్లు, పసుపు, అర చెంచా నూనె వేసి, మధ్యస్థం సెగ మీద మూడు నాలుగు విజిల్స్ రానివ్వండి. తర్వాత పొయ్యి ఆపి, ఆవిరి దానంతట అదే పోయేదాకా ఆగండి. ఆ పది నిమిషాల్లోనూ లోపల పప్పు ఉడుకుతూనే ఉంటుంది. ఆకలేస్తోందని విజిల్ ఎత్తి ఆవిరి వదిలేసేవాళ్లకే పప్పు సగం సగం ఉడుకుతుంది.

నేను కూరగాయ ముక్కల్ని అదే కుక్కర్లో, పప్పు మీద చిన్న గిన్నెలో విడిగా పెడతాను. ముక్క పప్పులో కలిసిపోకుండా నిలుస్తుంది. పప్పును విడిగా గుత్తితో ఎనుపుకోవచ్చు, ముక్కలు తర్వాత కలుపుకోవచ్చు. సొరకాయ, దోసకాయ, టమాటా అన్నిటికీ ఇదే పద్ధతి. పక్క పొయ్యి మీద అన్నం పెట్టేస్తే రెండూ ఒకేసారి అవుతాయి.

ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు పలుకుగానే ఉంటోంది. నా వంటలో లోపమా?

చాలాసార్లు కాదు. అద్దె ఇల్లు మారిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. అదే డబ్బాలో పప్పు, అదే కుక్కర్, అయినా ఏడు విజిల్స్ వచ్చినా బద్ద నలగలేదు. పప్పు పాడైందనుకుని కొత్త ప్యాకెట్ తెచ్చాను. అదీ అంతే. చివరికి తేలిందేమంటే, ఆ ఇంట్లో వంటకు వాడేది బోరు నీళ్లు. తాగే నీళ్లతో వండిన రోజు నాలుగు విజిల్స్‌కే వెన్నలా ఉడికింది.

బోరు నీళ్లలో సున్నం, మెగ్నీషియం ఎక్కువ. పప్పు గింజలో కణాల్ని అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని అవి బిగించేస్తాయి. అది కరిగితేనే పప్పు మెదుగుతుంది. కాబట్టి మీ ఇంట్లో కుళాయి చుట్టూ తెల్లని పొర కడుతుంటే, పప్పు మటుకు ఫిల్టర్ నీళ్లతో వండండి. కడగడానికి మామూలు నీళ్లు చాలు.

రెండో కారణం పులుపు. చింతపండు, మామిడికాయ, గోంగూర ఏదైనా సరే, పులుపు తగిలితే పెక్టిన్ త్వరగా కరగదు. పచ్చిపప్పులోనే చింతపండు వేసి కుక్కర్ పెట్టడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. పప్పు మెత్తగా ఉడికాకే పులుపు పడాలి. మిగతా జవాబులన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

మూడోది పప్పు వయసు. ఏడాది దాటి డబ్బాలో ఉన్న కందిపప్పు ఎంతకీ లొంగదు. దాన్ని వేడినీళ్లలో గంట నానబెట్టి వండితే కొంత నయం. వంటసోడా వేస్తే ఉడికిపోతుందని చెబుతారు, నిజమే, ఉడుకుతుంది. కానీ సోడా బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది, ఎక్కువైతే పప్పు సబ్బు రుచి వస్తుంది. మా వంటింట్లో దానికి చోటు లేదు.

మరి టమాటా పప్పును అందరూ ఒకే కుక్కర్లో కలిపి పెట్టేస్తారు కదా?

పెట్టొచ్చు. టమాటా పులుపు చింతపండంత గాఢం కాదు, పైగా కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. కొత్త పప్పు, మంచి నీళ్లు అయితే ఇబ్బందేమీ ఉండదు. మీ ఇంట్లో పప్పు మామూలుగానే మొండికేస్తుంటే మాత్రం టమాటాలను గిన్నెలో విడిగా పెట్టండి.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదంటారు. నిజమేనా?

అంత భయం అక్కర్లేదు. పప్పును ఉడకనివ్వనిది పులుపూ, సున్నం ఎక్కువున్న నీళ్లూనే; ఉప్పు కాదు. అయినా నేను చివరే వేస్తాను. ఆకుకూర, బీరకాయ వండేటప్పుడు చాలా కనిపించి, ఉడికేసరికి గుప్పెడవుతాయి. ముందే చూసి వేస్తే ఉప్పు ఎక్కువైపోతుంది.

ఏ కూరగాయకు ఏ పప్పు? ఎంత పులుపు?

నీరున్న, లేత కూరగాయలకు పెసరపప్పు బాగుంటుంది: బీరకాయ, పొట్లకాయ, లేత సొరకాయ, క్యాబేజీ. పుల్లని వాటికి కందిపప్పు కావాలి, ఆ పులుపును మోయగల చిక్కదనం దానికే ఉంది: దోసకాయ, టమాటా, మామిడికాయ, గోంగూర, చుక్కకూర, చింతచిగురు. ఇది శాస్త్రం కాదు, మా ఇంటి నాలుక. సొరకాయ కందిపప్పు కూడా బ్రహ్మాండంగా ఉంటుంది, కాకపోతే దానికి చింతపండు రసం కాస్త ఎక్కువ పడాలి.

దోసకాయ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. పసుపుపచ్చగా, గుండ్రంగా ఉండే మన దోసకాయ పప్పులో ఎంత ఉడికినా ముక్క చెదరదు, కొరికితే లోపల చల్లని పులుపు తగులుతుంది. చెక్కు తీసి, గింజలు తీసేసి, అంగుళం ముక్కలు కోయండి. మరీ మెత్తగా ఉడికించకండి. కాయ పుల్లగా ఉంటే ఉసిరికాయంతలో సగం చింతపండు చాలు, చప్పగా ఉంటే ఉసిరికాయంత కావాలి. చింతపండు రసం పోశాక అయిదు నిమిషాలు ఉడకనివ్వాలి, లేకపోతే పచ్చి వాసన పోదు.

మామిడికాయ పప్పుకు చింతపండు ఊసే ఎత్తొద్దు. సగం కాయ ముక్కల్ని కొద్ది నీళ్లలో విడిగా అయిదు నిమిషాలు ఉడికించి, మెదిపిన పప్పులో కలపండి. కాయల పులుపు ఒకదానిదొకటి పోలదు కాబట్టి సగం ముక్కలు కలిపి, రుచి చూసి, మిగతా సగం వేయండి.

బెండకాయ, కాకరకాయ పప్పులో వద్దు. వంకాయ పప్పు కొందరు ఇష్టంగా తింటారు. మునక్కాడలు పప్పులో కన్నా పప్పుచారులో బాగుంటాయి.

ఆకుకూర పప్పుకు పద్ధతి వేరా?

వేరే. పాలకూర, తోటకూర, గంగవాయిలి కూర లాంటివి కడగడంలోనే సగం పని ఉంది. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి, ఆకు వేసి, చేత్తో కదిపి, ఆకును పైకి తీయాలి. నీళ్లు వంచకూడదు, వంచితే అడుగున చేరిన ఇసుక మళ్లీ ఆకు మీదే పడుతుంది. ఇలా మూడుసార్లు చేయాలి.

పాలకూరకు నాలుగు నిమిషాల ఉడుకు చాలు, మెదిపిన పప్పులో నేరుగా వేసేయొచ్చు. తోటకూర కాడలు ముదురైతే కుక్కర్లో పప్పుతోనే పెట్టండి. గోంగూరను మాత్రం చెంచా నూనెలో పచ్చిమిర్చితో పాటు ముద్దగా అయ్యేదాకా మగ్గించి, తర్వాతే పప్పులో కలపండి. ఆ మగ్గిన రుచి నీళ్లలో ఉడికిన ఆకుకు రాదు.

బీరకాయ, సొరకాయ చేదుగా ఉంటే ఉప్పు, బెల్లం వేసి సరిచేయొచ్చా?

వద్దు. పారేయండి. బీర, సొర, దోస జాతిలో ఒక్కోసారి కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు పేరుకుంటాయి. ఉడికించినా అవి పోవు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వస్తాయి. చేదు సొరకాయ రసం తాగి ఆసుపత్రి పాలైనవాళ్లూ ఉన్నారు. అందుకే కోయగానే చిన్న ముక్క నాలిక్కి తగిలించి చూడాలి. మా అమ్మ చూడకుండా ఒక్క దోసకాయ కూడా గిన్నెలో వేసి ఎరగదు. ఒక్క కాయ చేదైనా పప్పు గిన్నె మొత్తం పోతుంది.

నా తాలింపు ఎప్పుడూ మాడుతోంది, లేదా పచ్చిగా ఉంటోంది. ఏం చేయాలి?

తాలింపు, పోపు, తిరగమోత: ఒక్కో ఇంట్లో ఒక్కో పేరు. పేరేదైనా, పప్పుకు ప్రాణం అక్కడే ఉంది. దీనికి ఒకటిన్నర నిమిషం పడుతుంది, ఆ కాసేపూ ఫోన్ చేతిలో ఉండకూడదు.

పొయ్యి వెలిగించకముందే అన్నీ పళ్లెంలో వరసగా పెట్టుకోండి. చిన్న బాణలిలో రెండు చెంచాల నూనె, ఇంట్లో నెయ్యి ఉంటే ఒక చెంచా నెయ్యి. వేడెక్కాక అర చెంచా మినప్పప్పు, అర చెంచా ఆవాలు. ఆవాలు చిటపటలాడి, మినప్పప్పు లేత ఎరుపు తిరిగేటప్పుడు సెగ తగ్గించి, చిదిమిన వెల్లుల్లి రెబ్బలు అయిదారు వేయండి. వెల్లుల్లి అంచులు బంగారు రంగులోకి రాగానే తుంచిన ఎండుమిరపకాయలు రెండు, అర చెంచా జీలకర్ర. ఈ రెండూ క్షణాల్లో మాడేవి. వెంటనే పొయ్యి ఆపి, చిటికెడు ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు. మిగిలిన వేడికే అవి వేగిపోతాయి.

ఇక ఆలస్యం లేకుండా పప్పులో గుమ్మరించి, మూత పెట్టేయండి. రెండు నిమిషాల తర్వాత తీయండి. ఆ వాసన మూత కింద ఉండి పప్పులోకి దిగాలి. బాణలిలో మిగిలిన నూనెలోకి గరిటెడు పప్పు వేసి, కలిపి, మళ్లీ గిన్నెలో పోస్తే చుక్క నూనె వృథా కాదు.

మాడితే మాత్రం మొహమాటపడకుండా పారబోసి మళ్లీ పెట్టండి. మాడిన ఆవాల చేదు మొత్తం పప్పుకు పట్టుకుంటుంది.

ఉల్లి, వెల్లుల్లి తినం. రుచి తగ్గుతుందా?

తగ్గదు. ఇంగువ కాస్త ఎక్కువ వేసి, అంగుళం అల్లం తురిమి పచ్చిమిర్చితో పాటు ఉడికించండి. పెసరపప్పుకు ఇదే ఇంకా బాగుంటుంది. గోధుమ పడనివాళ్లు ఒక సంగతి గమనించాలి: బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావాటిలో గోధుమపిండి గానీ మైదా గానీ కలుపుతారు. ప్యాకెట్ మీద చదివి కొనండి.

కుక్కర్ విజిల్ నుంచి పసుపు నీళ్లు చిమ్ముతున్నాయి.

కుక్కర్ సగానికి మించి నింపారన్నమాట, లేదా సెగ ఎక్కువైంది. పప్పు పొంగే సరుకు. పప్పు, నీళ్లు కలిపి సగం దాటకూడదు. అర చెంచా నూనె వేసేది నురుగు తగ్గడానికే. ఆవిరి గొట్టంలో పప్పు పొట్టు ఇరుక్కుంటే ప్రమాదం కాబట్టి, వండిన ప్రతిసారీ దాన్ని వెలుతురుకు పట్టి చూసి కడగండి.

పొద్దున్నే నానబెట్టి ఆఫీసుకు వెళ్లొచ్చా?

ఎండాకాలంలో బయట పెడితే సాయంత్రానికి పులిసిన వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. నిజానికి కందిపప్పుకు అరగంట చాలు. ఇంటికి రాగానే నానేసి, కాళ్లు కడుక్కుని, కూరగాయలు కోసే లోపు నానిపోతుంది. కడుపుబ్బరం ఉన్నవాళ్లు నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో వండుకుంటే, గ్యాస్ తెచ్చే కొన్ని చక్కెరలు ఆ నీళ్లతో పోతాయి. రాత్రిపూట పెసరపప్పు కడుపుకు తేలిక.

ఏ కందిపప్పు కొనాలి?

కంది వానాకాలం పంట. డిసెంబరు నుంచి కోతలు మొదలై, సంక్రాంతి దాటాక కొత్త పప్పు బజారుకొస్తుంది. ఏడాదికి సరిపడా కొనేవాళ్లు అప్పుడు కొనుక్కుంటే మంచిది. తెలంగాణలో వికారాబాద్ జిల్లా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దొరికితే ఒకసారి వండి చూడండి, రుచిలో తేడా అన్నం కలిపేటప్పుడే తెలుస్తుంది. నెలకో కిలో కొనేవాళ్లు మాత్రం ప్యాకింగ్ తేదీ చూస్తే సరిపోతుంది. పురుగు పట్టకుండా ఒకరోజు ఎండలో పెట్టి, చల్లారాక, తడిలేని డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలతో పోసుకోండి.

మేం ఉండేది అమెరికాలో. బీరకాయ, గోంగూర ఎప్పుడూ దొరకవు.

బీరకాయ బదులు జుకినీ వేయండి, దగ్గరగానే ఉంటుంది. అది ఇంకా త్వరగా మెత్తబడుతుంది కాబట్టి ఆఖరి నాలుగు నిమిషాల్లో వేయాలి. గోంగూర పులుపు కావాలంటే రూబార్బ్ కాడలు బాగా పనికొస్తాయి (ఆకులు విషం, కాడలే వాడాలి). చలికాలంలో పచ్చి క్రాన్‌బెర్రీలతో చేసే పప్పు అక్కడి తెలుగు ఇళ్లలో బాగా అలవాటైంది. మామిడికాయ బదులు గ్రానీ స్మిత్ అనే పుల్లని పచ్చ ఆపిల్ వేసుకోవచ్చు. ఇవన్నీ పుల్లనివే, కాబట్టి పప్పు ఉడికాకే.

కందిపప్పు అయిపోతే మామూలు దుకాణాల్లో దొరికే ఎర్రపప్పు, అంటే మైసూరుపప్పు తెచ్చుకోండి. నానబెట్టకుండానే పావుగంటలో ఉడుకుతుంది. అక్కడి భారతీయ దుకాణాల్లో నూనె పట్టించిన కందిపప్పు కూడా అమ్ముతారు. దాన్ని వేడినీళ్లతో రెండు మూడుసార్లు కడిగితే గానీ ఆ జిడ్డు పోదు. ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) అయితే కందిపప్పుకు హై ప్రెషర్‌లో పది నిమిషాలు పెట్టి, తర్వాత పది నిమిషాలు కదపకుండా వదిలేయండి.

పిల్లలు కారం తినరు. వేరే వండాలా?

వేరే ఎందుకు? పచ్చిమిర్చిని పప్పులో కాకుండా ముక్కల గిన్నెలో ఉడికించండి. పప్పు మెదిపాక పిల్లల వాటా తీసి, ఉప్పు, నెయ్యి వేసి కలపండి. ఏడాది లోపు బిడ్డకైతే ఉప్పు కూడా వద్దు. మిగతాదాంట్లో మిర్చి ముక్కలు, కారం మీ ఇష్టం.

పప్పన్నం ఒక్కటే తింటే రాత్రి భోజనానికి సరిపోతుందా?

కందిపప్పులో నూటికి దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మన కొలత ప్రకారం మనిషికి ఏడు గ్రాముల దాకా పప్పు నుంచే వస్తుంది. మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాల్లో, అన్నంలో తక్కువైన లైసిన్ పప్పులో ఎక్కువ, పప్పులో తక్కువైన మెథియోనిన్ అన్నంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. చివర పెరుగన్నం తింటే ఇంకేం కావాలి? ఇంట్లో కసరత్తు చేసేవాళ్లో, ఎదిగే పిల్లలో ఉంటే ముప్పావు గ్లాసు పప్పును గ్లాసుకు పెంచండి. పప్పు నీళ్లలా చేసి గిన్నె నింపడం కన్నా అది మేలు.

నంజుకోవడానికి నాలుగు వడియాలో, ఊరమిరపకాయలో, అప్పడమో వేయిస్తే పిల్లలు మారు అడుగుతారు. చింతపండు తక్కువైన పప్పుకు ఆవకాయ. తెలంగాణలో ముద్దపప్పు పక్కన పచ్చిపులుసు పోసుకుంటారు, ఎండాకాలం రాత్రి దానికి సాటి లేదు.

మిగిలిన పప్పును ఏం చేయాలి?

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. చల్లబడితే గట్టిపడుతుంది, వేడి చేసేటప్పుడు వేడినీళ్లే పోయండి. కొంచెమే మిగిలితే, పొద్దున గోధుమపిండిలో పప్పుతోనే కలిపి, కొత్తిమీర, కాస్త వాము వేసి చపాతీలు చేస్తాను. పప్పులో తడి ఉంటుంది కాబట్టి నీళ్లు చేతికి తడి అంటినంతే చాలు. ఎక్కువ మిగిలితే చింతపండు రసం, రసం పొడి, నాలుగు మునక్కాడ ముక్కలు వేసి మరిగిస్తే మర్నాడు రాత్రికి పప్పుచారు. దానికి తాలింపు మళ్లీ పెట్టాలి, నిన్నటిది చాలదు.